మస్కట్‌లో రూట్ పాస్‌వర్డ్, బర్కాలో ఉప్పునీళ్ల బావి

తొంభైల మధ్యలో నేను మస్కట్‌లో ఒక కన్సల్టెన్సీలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం చేశాను. భూగర్భజలాల సర్వే చేసే కంపెనీ అది. ఇప్పుడు నా పనిని సిస్టమ్ అడ్మినిస్ట్రేషన్ అంటున్నారు. అప్పుడు మా ఆఫీసులో దానికి పేరు లేదు. ఏది పనిచేయకపోయినా "రావ్‌ని పిలు" అనేవారు. ఒకసారి ఏసీ చల్లబడలేదని కూడా పిలిచారు. వెళ్లి చూశాను. స్విచ్ వేసి లేదు.

ఈ మధ్య మా బంధువుల పిల్లలు ఇద్దరు ఇదే పనిలో చేరి, "ఏమన్నా సలహా చెప్పండి బాబాయ్" అంటున్నారు. ప్రమోషన్ల సంగతి చెప్పడానికి నాకేమీ లేదు, రెండే వచ్చాయి. ఒక తప్పు సంగతి మాత్రం వివరంగా చెప్పగలను. అది పూర్తిగా నాదే.

పెద్దాయనకు అనుమతి లేదు

మా విభాగానికి అధిపతి డాక్టర్ హమద్. ఒమానీ. విదేశాల్లో చదువుకుని వచ్చిన జలశాస్త్రవేత్త, పనిలో గట్టివాడు. ఆయన వేసుకునే దిష్‌దాషా, అంటే పాదాల దాకా ఉండే తెల్లటి అంగీ మీద సాయంత్రం నాలుగింటికి కూడా ముడత ఉండేది కాదు. నాతో మామూలుగా ఇంగ్లీషులో, కోపం వస్తే అరబీలో, మనసు బాగున్నప్పుడు హిందీలో మాట్లాడేవాడు. ఆయన ఏ భాషలో మొదలుపెట్టాడో విని, ఆ రోజు ఎలా గడవబోతోందో నేను చెప్పగలిగేవాణ్ణి.

ఖరీదైన పాత వర్క్‌స్టేషన్లు తీసేసి, మామూలు పీసీల మీద లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసిన మొదటి వారం అది. ఆయన ఏదో ఫైలులో మార్పు చేయబోతే, స్క్రీన్ మీద "పర్మిషన్ డినైడ్" అని వచ్చింది. నన్ను గదిలోకి పిలిచాడు.

"ఎవరు డినై చేశారు?"

"ఎవరూ కాదు సార్. మెషీనే."

"ఈ మెషీన్ ఎవరి విభాగంలో ఉంది?"

"మీ విభాగంలోనే సార్."

"మరి?"

దానికి సరైన జవాబు నాకు తెలుసు. లినక్స్‌లో ప్రతి మనిషికీ ఒక ఖాతా ఉంటుంది, ఎవరి ఫైళ్లు వాళ్లవి, ఇంకొకరి ఫైలు జోలికి వెళ్తే మెషీన్ ఆపుతుంది. హోదా చూడదు. రూట్ అనే ఒక్క ఖాతాకు మాత్రం ఏ అడ్డూ ఉండదు. ఏ ఫైలైనా మార్చగలదు, ఏదైనా చెరపగలదు, "నిజంగానా?" అని కూడా మెషీన్ అడగదు. అందుకే దాన్ని అడ్మినిస్ట్రేటర్ తన దగ్గరే ఉంచుకోవాలి, తనైనా అవసరం పడ్డప్పుడే వాడాలి. ఇదంతా చెప్పాల్సింది. "చూస్తాను సార్" అని బయటికొచ్చేశాను.

ఈ ఉద్యోగంలో "చూస్తాను" అన్నమాట చాలా ప్రమాదకరం. అది విన్నవాడు "సరే" అనుకుంటాడు, చెప్పినవాడు "కాదు" అన్నాననుకుంటాడు.

రెండు నిమిషాల పని

నెల తిరక్కుండానే నీటి పటాలు గీసే సాఫ్ట్‌వేర్ వచ్చింది. బావుల దగ్గర తీసిన ఉప్పదనం లెక్కలు ఇస్తే, స్క్రీన్ మీద రంగుల పటం గీసేది. తియ్యటి నీళ్లు నీలం, ఉప్పునీళ్లు ఎరుపు. అంతకుముందు మావాళ్లు అదే పటాన్ని చేత్తో గీయడానికి వారం పట్టేది. మొదటిసారి స్క్రీన్ మీద నీలం పరుచుకుంటుంటే హమద్ గారు హిందీలో "క్యా బాత్ హై!" అన్నాడు.

దాంతో వచ్చిన పుస్తకంలో ఒక వాక్యం ఉంది: రూట్‌గా లాగిన్ అయి నడపండి. కారణం, రాసినవాళ్ల బద్ధకం. మామూలు వాడుకదారుకు అనుమతిలేని చోట అది తన సెట్టింగులు దాచుకునేది, కాగితం పటాలను కంప్యూటర్లోకి ఎక్కించే డిజిటైజర్ బల్లతో నేరుగా మాట్లాడేది. ఆ రెండు చోట్లా సరిపడినంత వరకే అనుమతి ఇచ్చి, మామూలు ఖాతాలతో నడిచేట్టు చేయొచ్చు. రెండు రోజుల పని. రూట్ పాస్‌వర్డ్ చీటీ మీద రాసి ఇచ్చేస్తే రెండు నిమిషాల పని.

పసుపుపచ్చ చీటీ మీద రాసి హమద్ గారికి ఇచ్చాను. సాయంత్రానికి అది మస్తాన్ వలీ టేబుల్ మీద ఉంది. మస్తాన్ మా డ్రాఫ్ట్స్‌మన్, కడప వైపు మనిషి. పాత కాగితం పటాలను కంప్యూటర్లోకి ఎక్కించడం అతని పని. ఇంకో వారానికి ఆ పాస్‌వర్డ్ ఐదుగురికి తెలుసు. చివరికి ఒకరోజు టీ తెచ్చే మలయాళీ పెద్దాయన నా వెనక నిలబడి, "సార్, చివర్లో పెద్ద అక్షరం మరిచిపోయారు" అన్నాడు.

అయినా నాకు బుద్ధి రాలేదు, ఎందుకంటే ఫిర్యాదులు ఆగిపోయాయి. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. నేను గొప్పగా పనిచేస్తున్నానని నమ్మాను. పిల్లలూ, ఫిర్యాదులు లేవంటే అంతా సవ్యంగా ఉందనుకోకండి. ఎవరికీ ఏ అడ్డూ లేనప్పుడు కూడా ఫిర్యాదులు రావు.

పదకొండు పేకాటలు

మొదటి దెబ్బ నవ్వుకునే దెబ్బే.

లినక్స్‌లో ఒక మెషీన్ మీద నడిచే ప్రోగ్రామ్ విండోని ఇంకో మెషీన్ స్క్రీన్ మీద తెరవొచ్చు. అసలైతే ఎవరి స్క్రీన్ వాళ్ల విండోలనే రానిస్తుంది. రూట్‌గా నడిపినప్పుడు పటాల విండో రావడానికి స్క్రీన్ ఒప్పుకోకపోతే, నేను అన్ని మెషీన్ల మీదా ఆ కాపలా తీసేశాను. ఎవరి విండో అయినా ఎవరి స్క్రీన్ మీదికైనా రావొచ్చు. పైగా హమద్ గారి కోసం పరీక్ష చేస్తూ, రూట్‌గా తెరిచే ప్రతిదీ ఆయన స్క్రీన్ మీదికే వెళ్లేట్టు ఒక సెట్టింగ్ పెట్టి, తీసేయడం మర్చిపోయాను.

మర్నాడు ప్రభుత్వ కార్యాలయం నుంచి నలుగురు అతిథులు వచ్చారు. హమద్ గారు వాళ్లకు బాతినా తీరం పటం చూపిస్తున్నాడు. నేను వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. హఠాత్తుగా పటం మధ్యలో ఆకుపచ్చటి విండో ఒకటి తెరుచుకుంది. పేకముక్కలు. ఇస్పేటు రాజు, ఆఠీన్ రాణి, అన్నీ వరసగా.

హమద్ గారు దాన్ని మూసేశాడు. రెండోది వచ్చింది. అది మూసేలోపు మూడోది, నాలుగోది. నేను గది బయటికి పరిగెత్తాను. మస్తాన్ తన సీట్లో రూట్‌గా లాగిన్ అయి కూర్చుని ఎంటర్ మీద ఎంటర్ కొడుతున్నాడు.

"ఏం చేస్తున్నావయ్యా?"

"ఏం ల్యా సార్. నమాజు చేసుకుని వచ్చినా, పది నిమిషాలు టైముంది గదా అని ఆట తెరుస్తాండా. ఎన్నిసార్లు కొట్టినా తెరుచుకోల్యా సార్. మీ లినక్స్ ఏందో మొండికేసింది."

"తెరుచుకుంటోంది నాయనా! అన్నీ తెరుచుకుంటున్నాయి! హమద్ గారి గదిలో!"

మస్తాన్ కీబోర్డు మీంచి చెయ్యి తీసేశాడు. నేను తిరిగి వెళ్లేసరికి పటం కనబడడం లేదు, పదకొండు పేకాటలు కనబడుతున్నాయి. అతిథుల్లో పెద్దాయన కళ్లజోడు సర్దుకుని, "డాక్టర్, ఇదేమిటి?" అని అడిగాడు.

హమద్ గారు ముఖంలో ఏ మార్పూ లేకుండా, "రాండమ్ శాంప్లింగ్. ఏ బావిని పరీక్షించాలో ఇలా ఎంచుతాం" అన్నాడు.

నలుగురూ తలలూపారు. ఒకాయన నోట్‌బుక్‌లో రాసుకున్నాడు కూడా.

వాళ్లు వెళ్లాక హమద్ గారు నాతో పావుగంట అరబీలో మాట్లాడాడు. నాకు అర్థమైంది "ఖలాస్" ఒక్కటే. అది చాలు. ఆ సెట్టింగ్ తీసేశాను, స్క్రీన్ల కాపలా మళ్లీ పెట్టాను. రూట్ పాస్‌వర్డ్ మాత్రం మార్చలేదు. కనబడిన గోతిని పూడ్చి, తవ్వినవాడి చేతిలో పారని అలాగే వదిలేశానన్నమాట. ఆ పార ఇచ్చింది నేనే.

ఖల్ఫాన్ పోసిన కాఫీ

బాతినా తీరమంతా తోటలు. బావుల్లోంచి నీళ్లు తోడేకొద్దీ సముద్రం నేల కిందినుంచి లోపలికి వస్తుంది. ఉప్పునీళ్లు ఎంత దూరం వచ్చాయో చూడ్డమే మా సర్వే పని. కొన్నేళ్ల కిందటి పాత సర్వే ఒకటి ఉంది, దాన్నిబట్టి ఉప్పుగీత సముద్రానికి దగ్గర్లోనే ఉంది. మేం చేసిన కొత్త సర్వేలో ఆ గీత బాగా లోపలికి జరిగింది. కొత్త పటం పూర్తికాగానే నేను ఆ ఫైలును ఎవరూ మార్చకుండా కట్టడి చేసి, "ఇక దీన్ని ఎవరూ ముట్టుకోలేరు సార్" అని గొప్పగా చెప్పాను. ఆ కట్టడి రూట్‌కు వర్తించదని నాకు తెలుసు. తెలిసీ గుర్తురాలేదు.

ఆ తీరం మీదే ఉన్న బర్కాలో ఖల్ఫాన్ అనే ముసలాయన తోట ఉండేది. ఆయన నిమ్మచెట్లు ఎండిపోతున్నాయి. ఖర్జూరం కొంత ఉప్పును ఓర్చుకుంటుంది, నిమ్మ ఓర్చుకోదు. వెనకవైపు పొలంలో కొత్తగా నిమ్మ వేయొచ్చా అని ఆయన మమ్మల్ని అడిగాడు. మా పటం చూస్తే అక్కడంతా నీలం. వేసుకోమన్నాం. ముందుగా ఒక పరీక్ష బావి తవ్వడానికి రిగ్గు పంపాం.

మూడో రోజు సైట్ నుంచి ఫోన్. నీళ్లు పడ్డాయి, ఉప్పగా ఉన్నాయి అని. హమద్ గారు నమ్మలేదు. "మీటర్ పాడై ఉంటుంది. రావ్, నువ్వు కూడా రా. పటం నీ కంప్యూటర్ గీసిందే కదా" అని నన్ను కారెక్కించుకున్నాడు.

అక్కడ రిగ్గు మీద పనిచేసేవాళ్లలో లచ్చన్న అని జగిత్యాల వైపు మనిషి ఉన్నాడు. నలభై దాటినవాడు, సన్నగా పొడుగ్గా ఉంటాడు. నేను తెలుగువాణ్ణని తెలిసి దగ్గరికొచ్చాడు.

"సారూ, మీటరు మంచిగనే ఉన్నది. నేను నాలికె మీద ఏస్కొని సూసిన. గివి ఉప్పు నీళ్లు. మా ఊళ్లె బాయిలు తవ్వి తవ్వి అచ్చినోన్ని, నాకు తెల్వదా?"

ఆ మాట హమద్ గారికి చెప్పాను. ఆయన లచ్చన్నను, మీటర్ను, నన్ను వరసగా చూసి, "గ్లాసు తెండి" అన్నాడు.

లచ్చన్న స్టీలు గ్లాసు నిండా పట్టి ఇచ్చాడు. హమద్ గారు గ్లాసెత్తి చివరి చుక్క దాకా తాగాడు. ముఖం చెక్కుచెదరలేదు. మెడ మీద నరం ఒకటి మాత్రం లేచి పడింది.

"తియ్యగానే ఉన్నాయి," అన్నాడు.

లచ్చన్న నా చెవి దగ్గర, "సారుకు షుగరున్నదా?" అని అడిగాడు.

ఇదంతా ఖల్ఫాన్ చూస్తున్నాడు. పాతరోజుల్లో ఖర్జూరం పడవల మీద బొంబాయి వెళ్లొచ్చిన మనిషి, హిందీ బాగా వచ్చు. ఆ బావి నీళ్లే బిందెలో పట్టించి, నీడలో చాప వేయించి, కాఫీ కాచాడు. అతిథి కాఫీ వద్దనడం అక్కడ మర్యాద కాదు. చాలనుకుంటే ఖాళీ కప్పును ఇటూ అటూ ఊపాలి, ఊపేదాకా పోస్తూనే ఉంటారు. హమద్ గారు మొదటి కప్పు తాగాడు. ఖల్ఫాన్ రెండోది పోశాడు. అదీ తాగాడు. మూడోది తాగాక కప్పు ఊపిన వేగం చూస్తే, చేతిలోంచి ఎగిరి ఎక్కడ పడుతుందోనని భయమేసింది. నేను మొదటి గుక్కకే ఊపేశాను. యాలకుల వాసనతో సముద్రం తాగినట్టుంది.

తిరుగు ప్రయాణంలో సీబ్ ఊరు దాటాక హమద్ గారు రెండే మాటలన్నాడు. ఒకటి "నీళ్లు ఉన్నాయా?" రెండోది "ఫైలు చూడు."

యజమాని పేరు రూట్

ఫైలు చూడ్డానికి ఒక నిమిషం పట్టింది. మస్తాన్ ఎక్కించిన ఫైలుకు యజమానిగా మస్తాన్ పేరుండాలి. రూట్ అని ఉంది. లోపల కొత్త సర్వే లెక్కలు లేవు, పాత సర్వేవి ఉన్నాయి. ఎవరో పాత పటం తెరిచి, కొత్తదాని పేరుతో సేవ్ కొట్టారు. మామూలు ఖాతాతో చేసి ఉంటే మెషీన్ ఆపేది. రూట్ కాబట్టి నోరెత్తలేదు.

"ఎవరు?" అన్నాడు హమద్ గారు.

"రూట్ అని ఉంది సార్. రూట్ అంటే ఐదుగురం."

"మస్తాన్. ఇంకెవరు? పేకాట మనిషి. రేపు వాడి కాగితాలు తయారుచేయమని చెప్తాను."

గల్ఫులో 'కాగితాలు' అంటే ఉద్యోగం పోయి ఇంటికి విమానం ఎక్కడమే. మస్తాన్‌కు ఎలా తెలిసిందో, నేను బయటికొచ్చేసరికి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"సార్, నేను చేసుంటే చేసినా అని చెప్తా. పేకాట ఆడినా, ఒప్పుకున్నా గదా. ఇది నేను చేయల్యా. మీరన్నా నమ్మండి సార్."

నాకు ఆ క్షణంలో కలిగిన సిగ్గు ఇప్పటికీ గుర్తుంది. మస్తాన్ చేశాడో లేదో అతనికే తెలియాలి, నేను చెప్పలేను. చెప్పలేని పరిస్థితి తెచ్చింది నేను. ఒకే పేరుతో ఐదుగుర్ని లోపలికి పంపినవాణ్ణి, ఎవరు ఏం చేశారో చెప్పమంటే ఏం చెప్తాను?

ఒక దారి మిగిలింది. ఎవరు ఏ మెషీన్ నుంచి ఎప్పుడు లాగిన్ అయ్యారో లినక్స్ రాసిపెడుతుంది. ఫైలు మారిన రోజు, మారిన సమయం పట్టుకుని ఆ జాబితా చూశాను. మస్తాన్ ఆ రోజు మస్కట్‌లోనే లేడు, సువైక్‌లో బావుల లెక్కలు తీసుకోవడానికి వెళ్లాడు. రూట్ లాగిన్ అయింది హమద్ గారి గదిలోని మెషీన్ నుంచి.

గంటసేపు కుర్చీలో కూర్చున్నాను. దార్సైట్‌లో కిరాయి ఫ్లాటు, పాపకు అక్కడి ఇండియన్ స్కూల్లో సీటు, అన్నీ కళ్లముందు తిరిగాయి. చివరికి జాబితా స్క్రీన్ మీద అలాగే ఉంచి, ఆయన్ని పిలిచి చూపించాను.

"ముందు నా తప్పు చెప్తాను సార్. ఈ పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకూడదు. మీక్కూడా. రెండు రోజుల పని తప్పించుకోవడానికి ఇచ్చేశాను."

ఆయన జాబితా చదివాడు. మళ్లీ చదివాడు. లేచి తలుపు వేసి వచ్చాడు.

"ఇది ఇంకెవరన్నా చూశారా?"

"లేదు సార్."

"రూట్‌గా దీన్ని కూడా చెరిపేయొచ్చు కదా?"

"చెరిపేయొచ్చు సార్."

బయట మస్తాన్ కుర్చీ చప్పుడు వినబడింది. హమద్ గారు వెళ్లి ఆ తలుపు తీశాడు.

"ప్రింట్ తియ్," అన్నాడు. "రెండు కాపీలు. ఒకటి నేను మస్తాన్‌కు ఇస్తాను."

స్వయంగా వెళ్లి ఇచ్చాడు. "పొరపాటున నేనే చేశాను, నువ్వు కాదు" అని అందరూ వినేట్టు ఇంగ్లీషులో చెప్పాడు. నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో అలాంటి పని చేసిన అధికారిని ఇంకొకర్ని చూడలేదు. మంచి బాస్ ఎవరని పిల్లలు అడిగితే ఆయన పేరే చెప్తాను. మంచి యూజర్ ఎవరంటే మాత్రం చెప్పను.

అసలు ఫైలు టేపు బ్యాకప్‌లో దొరికింది. మర్నాడు సరైన పటం పట్టుకుని మళ్లీ బర్కా వెళ్లాం. హమద్ గారు చాప మీద కూర్చుని, పటం తప్పని, తప్పు తనదని ఖల్ఫాన్‌కు చెప్పాడు. ముసలాయన నవ్వాడు.

"నీళ్లు ఉప్పగా ఉన్నాయని మా మేకకు కూడా తెలుసు డాక్టర్. నువ్వు ఎన్నో కప్పు దగ్గర ఒప్పుకుంటావో చూద్దామని పోశాను."

ఆ పొలంలో ఆయన నిమ్మ వేయలేదు, ఖర్జూరమే వేశాడు. ఇంకొంచెం లోపలికి ఇంకో బావి తవ్వాం. లచ్చన్న రుచి చూసి "ఇవి మంచిగున్నయ్, నిమ్మ ఏస్కోమనుండ్రి" అన్నాడు. మీటరూ అదే చెప్పింది.

లచ్చన్న ఖాతా

వచ్చిన వెంటనే రూట్ పాస్‌వర్డ్ మార్చి, కవరులో పెట్టి సీలువేసి ఆఫీసు ఇనప్పెట్టెలో పెట్టించాను. సాఫ్ట్‌వేర్‌ను మామూలు ఖాతాలతో నడిచేట్టు చేశాను. రెండు రోజులు కాదు, ఒకటిన్నర రోజే పట్టింది.

హమద్ గారు ఇంకో ఆర్డరు వేశాడు. లచ్చన్న రుచి చూడకుండా ఏ పటమూ ఖరారు కాకూడదని. ఆ రుచులు రాసే ఫైలు విడిగా ఉండాలి, దాన్ని లచ్చన్న తప్ప ఎవరూ మార్చకూడదు, తనతో సహా.

అలా జగిత్యాల లచ్చన్నకు లినక్స్‌లో ఖాతా తెరిచాను. ఐదో తరగతి దాకా చదువుకున్నాడు, కీబోర్డు ఎప్పుడూ ముట్టుకోలేదు. బుధవారం బుధవారం కంపెనీ వ్యాన్‌లో సైట్ నుంచి వచ్చి, చేతులు సబ్బుతో కడుక్కుని, కుర్చీలో నిటారుగా కూర్చునేవాడు. ఒక్కో బావికి ఒక అంకె: ఒకటి అంటే తియ్యన, రెండు సప్పన, మూడు ఉప్పన. చూపుడువేలితో ఒక్కొక్కటే కొట్టేవాడు.

మొదటి రోజు పాస్‌వర్డ్ పెట్టుకోమన్నాను. "ఇది ఎవ్వరికీ చెప్పొద్దు లచ్చన్నా. ఎవరడిగినా సరే."

"అటు మల్లుండ్రి సారూ," అన్నాడు. నేను గోడవైపు తిరిగాను. టక్, టక్, టక్ మని చాలాసేపు వినబడింది. మొత్తం పన్నెండు అక్షరాలు. మా ఆఫీసులో అంత పొడుగు పాస్‌వర్డ్ ఇంకెవరికీ లేదు.

నాలుగేళ్లలో ఆయన దాన్ని ఒక్కసారి కూడా మర్చిపోలేదు. చీటీ మీద రాసుకోలేదు. ఒకసారి మస్తాన్ "నీకు తొందరగుంటే నేను కొడతాలే అన్నా, చెప్పు" అంటే, లేచి నిలబడి స్క్రీన్‌కు అడ్డంగా నించున్నాడట.

కంపెనీ పని ముగించుకుని ఊరికి వెళ్లిపోయే రోజు ఆఫీసుకు వచ్చాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. హమద్ గారు హిందీలో మాట్లాడి, కాఫీ ఇప్పించాడు. తర్వాత లచ్చన్న నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. ఖాతా మూసేయడానికి నాకు ఆయన పాస్‌వర్డ్ అక్కర్లేదు. ఊరికే, ఇన్నేళ్లుగా తెలుసుకోవాలని ఉండి, అడిగాను.

"ఇప్పుడైనా చెప్పు లచ్చన్నా, ఏం పెట్టుకున్నావు?"

ఆయన నావైపు కొంచెం జాలిగా చూశాడు.

"మీరే చెప్పిండ్రు గద సారూ, ఎవ్వలకు చెప్పద్దని. మల్ల మీరే అడిగితె ఎట్ల?"

చెప్పకుండానే వెళ్లిపోయాడు.